పసితలలో దారి తప్పిన రక్తం

2001లో మూతపడేలోగా మన కోలారు బంగారు గనుల్లో మనిషి భూమిలోకి సుమారు మూడు కిలోమీటర్ల లోతు దిగాడు. కానీ పసిబిడ్డ తలలో, కొద్ది వేళ్ల లోతున ఉన్న ఒక రక్తనాళం సంగతి తెలియడానికి వందల ఏళ్లు పట్టింది. ఈనాటి ప్రసంగం ఆ చరిత్ర గురించే.

క్రీ.శ. 2వ శతాబ్దంలో గాలెన్ అనే గ్రీకు వైద్యుడు ఉండేవాడు. మెదడు లోతుల్లోంచి రక్తాన్ని వెనక్కు తీసుకుపోయే పెద్ద సిరకు ఆయన పేరే ఉంది. చెరువు నీళ్లు తూము దాటి, పిల్లకాలువల్లో నెమ్మదించి మడికి చేరడం మనకు తెలుసు. అలాగే ధమనుల్లో జోరుగా వచ్చే రక్తం సన్నని కేశనాళికల్లో నెమ్మదించి సిరల్లో కలుస్తుంది. ఏ కొద్దిమంది బిడ్డలకో ఆ పిల్లకాలువలు లేకుండా ధమనులు నేరుగా సిరలోకి తెరుచుకుంటాయి. సిర బుడ్డలా ఉబ్బుతుంది. ఆ ఉరవడిని మోయలేక గుండె అలసిపోతుంది. జబ్బు తలలో, ఆయాసం ఎదలో!

1927లో లిస్బన్ నగరంలో ఎగాస్ మోనిజ్ ధమనిలోకి మందు ఎక్కించి, మెదడు నాళాలను ఎక్స్-రేలో చూపాడు. 1937లో అమెరికా వైద్యులు ఈ జబ్బును వివరించారు. 1989లో ఫ్రాన్సుకు చెందిన రేబో అసలు గుట్టు విప్పాడు. ఉబ్బినది గాలెన్ సిర కాదు. పిండదశలోనే మాయం కావలసిన మరొక సిర. పేరు మాత్రం పాతదే నిలిచింది.

మొదట్లో పుర్రె తెరిచి ఆపరేషన్ చేసేవారు. చాలామంది బిడ్డలు దక్కేవారు కాదు. తరువాత తొడ దగ్గరి ధమనిలోంచి సన్నని గొట్టాన్ని మెదడు దాకా పంపి, జిగురువంటి మందుతో ఆ దారులు మూసే పద్ధతి వచ్చింది. 2023లో బోస్టన్ వైద్యులు తల్లి గర్భంలో ఉన్న బిడ్డకే ఈ జబ్బుకు చికిత్స చేశారు. అయినా నేటికీ బిడ్డలందరూ దక్కుతారని చెప్పలేం.

అందుకే తల్లులారా, పాలు తాగుతూ బిడ్డ ఆయాసపడి చెమటలు పట్టినా, తల తొందరగా పెరుగుతున్నా, నుదుటిపై నరాలు ఉబ్బినా, గాలి సోకిందని తాయెత్తు కట్టి రోజులు గడపకండి. డాక్టరు గుండె చూశాక, తల కూడా చూడమని అడగండి. మాడు మీద స్టెతస్కోపు పెడితే ఒక్కోసారి హోరు వినిపిస్తుంది. మెత్తని మాడు మీదుగా స్కాన్ తీయవచ్చు. దానికి కోత అక్కర్లేదు. మెదడు నాళాలకు వైద్యం చేసే నిమ్హాన్స్ మనకు దగ్గరలో, బెంగళూరులోనే ఉంది. వేళకు అడిగిన ఒక్క మాట ఒక ప్రాణాన్ని నిలపవచ్చు.