మూడు రూపాయల నుంచి పావలాకు

మా అమ్మ బడికి వెళ్లలేదు కానీ, వడ్డీ లెక్క నోటితోనే చెప్పేది.

1994లో నాన్నకు జబ్బు చేస్తే ఇంటి కాగితాలు తాకట్టు పెట్టి షావుకారు దగ్గర పదివేలు తెచ్చారు. నూటికి మూడు రూపాయల వడ్డీ. అంటే నెలకు 300. పదేళ్లలో 36,000 కట్టాం. అసలు మాత్రం అలాగే ఉంది.

మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. మరుసటి ఏడాది అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు మా జిల్లాలో ఊరూరా లేచాయి. అమ్మా చేరింది.

"నెలకు ముప్పై రూపాయలతో ఇల్లు విడిపిస్తావా?" అని నాన్న నవ్వేవారు.

నిజమే, ఆ పొదుపుతో అప్పు తీరలేదు. కానీ ఆ పొదుపు పుస్తకం చూసే బ్యాంకు తాకట్టు లేకుండా సంఘానికి అప్పిచ్చింది. 2004లో పావలా వడ్డీ పథకం వచ్చింది. వాయిదాలు సరిగ్గా కడితే, ఏడాదికి నూటికి మూడు రూపాయలు పోను మిగతా వడ్డీ ప్రభుత్వం తిరిగి ఇచ్చేది. షావుకారుకు నెలకు మూడు, ఇక్కడ ఏడాదికి మూడు! అమ్మ సంఘం అప్పుతో షావుకారు బాకీ తీర్చి, ఇంటి కాగితాలు కొంగులో చుట్టుకుని తెచ్చింది.

"అప్పు ఎంతని కాదే, వడ్డీ ఎంత, నెలకా ఏడాదికా అని అడుగు" అంటుంది ఇప్పటికీ. మొన్న మా ఇంటి లోను కాగితాల మీద సంతకం పెట్టేముందు నేను అడిగింది అదే.