ఒకటో తారీఖు డబ్బు



ప్రతి ఏడాది నివేదికలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని రాసుకుంటూ వస్తున్నాం. ఈసారి ఇంకో లెక్క కూడా రాసుకుందాం. ప్రభుత్వం నుంచి మన ఇళ్ళకు నేరుగా వచ్చే డబ్బు ఎప్పుడు మొదలైంది, ఎలా పెరిగింది, దానివల్ల పేద ఇంట్లో ఏం మారింది అనేది ఆ లెక్క. ఏ పార్టీని మెచ్చుకోడానికో తిట్టడానికో ఇది రాయడం లేదు. ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి. మన వంటిల్లు మాత్రం అదే.

మొదట్లో సాయం అంటే డబ్బు కాదు, వస్తువులు. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి మన అత్తలు, అమ్మమ్మలు ఇప్పటికీ చెబుతారు. దివిసీమ పేరే ఎక్కువగా వినపడుతుంది గానీ, కృష్ణకు ఇవతల ఒడ్డున మన రేపల్లె, నిజాంపట్నం వైపు కూడా ఆ దెబ్బ తగిలింది. అప్పుడు వచ్చిన సాయం బియ్యం, బట్టలు, వంట సామాను, ఆ తర్వాత ఇళ్ళు. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. చాలా ఇళ్ళల్లో రెండు పూటలా అన్నం ఉడికింది. అది చిన్న సంగతి కాదు. కానీ బియ్యం ఇచ్చి మందుల షాపులో మాత్రలు తెచ్చుకోలేం. పిల్లలకి నోటు పుస్తకాలు కొనలేం. ఆ అవసరం వచ్చినప్పుడు మళ్ళీ వడ్డీకి తేవాల్సిందే.

చేతికి డబ్బు ఇచ్చే పద్ధతి దేశమంతటా పెద్ద ఎత్తున వచ్చింది 1995 ఆగస్టు 15న. కేంద్ర ప్రభుత్వం ఆ రోజు జాతీయ వృద్ధాప్య పింఛను పథకం మొదలుపెట్టింది. 65 ఏళ్ళు దాటి, ఏ ఆధారమూ లేనివాళ్ళకు నెలకు 75 రూపాయలు. అంటే రోజుకు రెండున్నర. మన రాష్ట్రంలో 2006లో అది 200 అయింది. 2014 అక్టోబరులో 1,000, 2019 మొదట్లో 2,000, అదే ఏడు జులైలో 2,250, 2022లో 2,500, 2023లో 2,750, 2024 జనవరిలో 3,000, ఆ జులైలో 4,000 అయింది. 2024 జులై 1న అంతకు ముందు మూడు నెలలకు వెయ్యి చొప్పున కలిపి 7,000 ఇచ్చారు. ఇప్పుడు రోజుకు లెక్కేస్తే 133 రూపాయలు.

ఈ డబ్బు ఇంట్లో ఏం చేసిందో చూద్దాం. మన వైపు కూలి ఇల్లు ఎలా నడుస్తుందో అందరికీ తెలుసు. నాట్లప్పుడు పని, కలుపుకి పని, కోతలప్పుడు పని, మధ్యలో ఖాళీ. కోత మిషన్లు వచ్చాక ఆ కోత పని కూడా తగ్గింది. అలాంటి ఇంట్లో ముసలావిడ అంటే తినే ఒక నోరు అని లెక్కేసేవాళ్ళు. ఎవరూ పైకి అనరు గానీ అన్నం వడ్డించేటప్పుడు తెలిసిపోయేది. ఇవాళ పని లేని నెలలో ఆ ఇంటికి ఖాయంగా వచ్చే డబ్బు ఆవిడదే. బీపీ మాత్రలు ఆవిడే కొనుక్కుంటుంది, కరెంటు బిల్లు కడుతుంది, మనవరాలికి చెప్పులు కొంటుంది. కోడలు కూడా ‘అత్తా, ఈ నెల నువ్వు సర్దు, కూలి రాగానే ఇస్తా’ అంటుంది. అడిగించుకునే స్థితికి ఆవిడ రావడమే అసలు మార్పు. భర్త పోయిన ఆడమనిషికి కూడా అంతే. అన్నదమ్ముల గుమ్మం ముందు నిలబడే పని తగ్గింది.

డబ్బు ఎంత అన్నదొక్కటే కాదు, ఎలా చేరుతుంది అన్నది కూడా అంతే ముఖ్యం. పింఛను కోసం మన పెద్దవాళ్ళు పోస్టాఫీసు దగ్గర, పంచాయతీ దగ్గర గంటలు గంటలు కూర్చున్న రోజులున్నాయి. ఇవాళ రమ్మని, రేపు రమ్మని తిప్పిన రోజులున్నాయి. 2020 ఫిబ్రవరి 1 నుంచి వాలంటీర్లు ఇంటికే తెచ్చి ఇచ్చారు. 2024 ఎన్నికలప్పుడు ఆ పద్ధతి ఆగి, ఏప్రిల్‌లో సచివాలయాల దగ్గర ఇచ్చారు, మే నెలలో బ్యాంకు ఖాతాల్లో వేశారు. ఆ ఎండల్లో ముసలివాళ్ళు పడ్డ అవస్థ మనం కళ్ళారా చూశాం. జులై నుంచి సచివాలయం సిబ్బంది మళ్ళీ ఇంటికి వస్తున్నారు. అదే పింఛను, అదే మనిషి. ఇంటికొస్తే గౌరవం, క్యూలో నిలబెడితే శిక్ష.

రెండో ఉదాహరణ మన సముద్రం పక్కదే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది అవసరమే. కానీ ఆ రెండు నెలలు నిజాంపట్నం హార్బరులో బోట్లు ఒడ్డునే ఉంటాయి, ఇళ్ళల్లో సంపాదన ఉండదు. 2019కి ముందు భృతి 4,000 రూపాయలు. 61 రోజులకు పంచితే రోజుకు 65. తర్వాత 10,000 అయింది, 2025లో 20,000 అయింది. అంటే రోజుకు 328.

ఇందులో మనం గమనించాల్సింది తేదీలు. 10,000 చేసిన మొదటి ఏడాది డబ్బు ఇచ్చింది 2019 నవంబరు 21న. నిషేధం మొదలైన ఏడు నెలలకి. అప్పటిదాకా ఇల్లు ఎలా గడుస్తుంది? అప్పుతోనే. ఏప్రిల్‌లో నూటికి మూడు రూపాయల వడ్డీకి 10,000 తెస్తే నవంబరుకి వడ్డీయే 2,100. భృతి మొత్తం ఇచ్చినా అప్పు తీరదు. మరుసటి ఏడాది మే 6నే ఇచ్చారు. 2023లో మే 16న ఇచ్చారు, ఆ సభ మన నిజాంపట్నంలోనే జరిగింది. 2025లో ఏప్రిల్ 26న ఇచ్చారు. నిషేధం నడుస్తుండగా వచ్చిన డబ్బు బియ్యం అవుతుంది, కూర అవుతుంది, వల బాగు చేసుకోడానికి దారం అవుతుంది. ఆలస్యంగా వచ్చిన డబ్బు వడ్డీ వ్యాపారికి పోతుంది. రూపాయి అదే, వచ్చిన రోజును బట్టి దాని విలువ.

డబ్బు చేతికిస్తే పేదవాళ్ళు తాగేస్తారు, సోమరులవుతారు అని అనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. దీన్ని పరీక్ష చేసి చూసింది కూడా మనలాంటి ఆడవాళ్ళ సంఘమే. సేవా అనే మహిళా కార్మిక సంఘం 2011లో మధ్యప్రదేశ్‌లోని కొన్ని గ్రామాల్లో అందరికీ నెలనెలా డబ్బు ఇచ్చింది. మొదట పెద్దవాళ్ళకి 200, పిల్లలకి 100, తర్వాత 300, 150. ఏ షరతూ లేదు. ఆడవాళ్ళ డబ్బు ఆడవాళ్ళకే, పిల్లల డబ్బు తల్లికే. డబ్బు రాని గ్రామాలతో పోల్చి చూశారు. తిండి మెరుగైంది, ఆడపిల్లల చదువు మెరుగైంది, కొంతమంది మేకలు, కోళ్ళు కొనుక్కున్నారు. తాగుడు పెరిగినట్టు కనపడలేదు. బ్రెజిల్ దేశంలో 2003లో మొదలైన బోల్సా ఫమీలియా అనే పథకంలో కూడా కార్డులు చాలావరకు తల్లుల పేరు మీదే ఇచ్చారు. తల్లి చేతికొస్తే పిల్లల నోటికి చేరుతుందని ఎక్కడైనా ఒకటే అనుభవం.

అయితే అన్ని డబ్బులూ ఒకలాంటివి కావు. మన సంఘాలకు 2019 మొదట్లో పసుపు కుంకుమ కింద సభ్యురాలికి 10,000 మూడు చెక్కులుగా వచ్చింది. తర్వాత ఆసరా కింద 2019 ఏప్రిల్ 11 నాటికి సంఘం పేరు మీద ఉన్న బ్యాంకు అప్పు మొత్తాన్ని నాలుగు విడతల్లో ఇచ్చారు. 45 నుంచి 60 ఏళ్ళ అక్కలకు చేయూత కింద ఏడాదికి 18,750 వచ్చింది. 2020 జనవరిలో అమ్మఒడి, 2025 జూన్‌లో తల్లికి వందనం వచ్చాయి. ఏడాదికోసారి వచ్చే పెద్ద మొత్తంతో గేదె కొనుక్కున్నవాళ్ళున్నారు, కిరాణా కొట్టు పెట్టుకున్నవాళ్ళున్నారు, కమ్మలు విడిపించుకున్నవాళ్ళున్నారు. కానీ ఇందులో చాలా పథకాలు మొదలైనట్టే ఆగిపోయాయి కూడా. నెలనెలా వచ్చే పింఛను మీద ఇల్లు నిలబడుతుంది. ఎప్పుడొస్తుందో తెలియని డబ్బును నమ్ముకుని ముందే అప్పు చేస్తే ఆ ఇల్లు కూలుతుంది. ఈ తేడా మనం మర్చిపోకూడదు.

ఇంకో మాట. డబ్బు మన పేరున పడినంత మాత్రాన మనదైపోదు. పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు అప్పిచ్చినవాళ్ళ దగ్గర తాకట్టు పెట్టి, తన డబ్బుకోసం తానే బతిమాలుకునే ఆడవాళ్ళు ఉన్నారు. అక్కడే సంఘం అవసరం. పింఛను రోజు గడవడానికి పనికొస్తుంది. ఆస్పత్రి ఖర్చు ఒక్కసారిగా మీద పడితే సంఘం అప్పే దిక్కు. అందుకే నేరుగా డబ్బు వస్తున్నాక సంఘం ఎందుకు అనే ప్రశ్నకి మా జవాబు ఇది: పింఛను తలుపు దాకా వస్తుంది, దాన్ని ఇంట్లో నిలబెట్టేది పొదుపు.

కాబట్టి వచ్చే ఏడాది ప్రతి సంఘం సమావేశంలో పొదుపు రాసుకున్నాక నాలుగు విషయాలు అడగాలని కోరుతున్నాం. ఈ నెల పింఛను అందనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఆధార్‌లో వయసు, పేరు తప్పుండి ఆగిపోయినవాళ్ళు ఉన్నారా? భర్త పోయి ఇంకా దరఖాస్తు పెట్టనివాళ్ళు ఉన్నారా? ఎవరి కార్డైనా తాకట్టులో ఉందా? ఉంటే సంఘం అప్పుతో విడిపిద్దాం. మిగతా వాటికి ఆవిణ్ణి ఒక్కదాన్నే పంపొద్దు, ఇద్దరు తోడు వెళ్ళి సచివాలయంలో అడగండి. ఒక్కరు అడిగితే రేపు రమ్మంటారు, ముగ్గురు కూర్చుంటే కాగితం తీస్తారు.

75 రూపాయల నుంచి 4,000 దాకా రావడానికి దాదాపు 30 ఏళ్ళు పట్టింది. ఆ మొదటి రోజుల్లో పింఛను అడగడానికి సిగ్గుపడి ఇంట్లోనే ఉండిపోయిన ముసలమ్మలు చాలామంది ఇప్పుడు లేరు. ఇప్పుడున్నవాళ్ళలో ఒక్కరు కూడా అలా ఉండిపోకూడదు.