చదువుల చానల్ ఎటు పోయింది?

టీఎల్‌సీ మీలో చాలామంది చూసే ఉంటారు. అంతస్తుల కేకులు పేర్చే ఆయన, పెళ్లిగౌను వేసుకుని అద్దం ముందు ఏడ్చే అమ్మాయిలు, ఊళ్లు తిరుగుతూ వీధుల్లో తినేవాళ్లు. ఇంతకీ ఆ మూడక్షరాలకి అర్థం ఏమిటో తెలుసా అండీ? 'ది లెర్నింగ్ చానల్'. అంటే చదువుల చానల్ అన్నమాట!

దాని పుట్టుపూర్వోత్తరాలు చదువుతుంటే నాకు మన ఊళ్లే గుర్తొచ్చాయి. అమెరికాలో అపలేచియన్ అని ఒక కొండప్రాంతం ఉంది. బొగ్గుగనులు, బీదరికం, సరిగ్గా బళ్లు లేని పల్లెలు. అక్కడి టీచర్లకి ఉపగ్రహం ద్వారా పాఠాలు చెప్పాలని 1970లలో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య, విద్యా శాఖ, నాసా కలిసి ఒక పథకం పెట్టాయి. అందుకు వాడిన ఉపగ్రహం పేరు ఏటీఎస్-6, 1974లో పైకి పంపారు. మరుసటి ఏడాది అదే ఉపగ్రహాన్ని ఇటువైపు జరిపి మన దేశానికి ఏడాది పాటు వాడుకోనిచ్చారు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు 6 రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ వచ్చింది. 'సైట్' అనేవారు ఆ ప్రయోగాన్ని. అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. మన దివిసీమ లేదనుకోండి. కోళ్లగూడుకి కట్టే ఇనుపవలతో చేసిన పెద్ద గొడుగు లాంటి యాంటెన్నా, ఊరంతటికీ ఒక టీవీ. పొద్దున పిల్లలకి పాఠాలు, సాయంత్రం పెద్దవాళ్లకి సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ.

ఒకే ఉపగ్రహం ముందు వాళ్ల కొండల్లో టీచర్లకి, తర్వాత మన పల్లెల్లో ఆడవాళ్లకి పాఠం చెప్పిందంటే ఎంత ముచ్చటగా ఉందో!

ఏడాది కాగానే ఉపగ్రహం వెనక్కి వెళ్లిపోయింది. వాళ్ల పథకం 1980లో ప్రైవేటు చేతికి పోయి 'ది లెర్నింగ్ చానల్' అయింది. 1991లో డిస్కవరీ వాళ్లు కొన్నారు. మొదట సైన్సు, వైద్యం, చరిత్ర ఉండేవి. తర్వాత ఇల్లు సర్దుకోవడం, పెళ్లిళ్లు, పురుళ్లు. ఆ తర్వాత గంపెడు పిల్లల కుటుంబాలు, వాళ్ల గొడవలు. చివరికి పూర్తిపేరు ఎవరూ పలకడం మానేశారు. మన దేశానికి 2004లో 'డిస్కవరీ ట్రావెల్ అండ్ లివింగ్' అని వచ్చి, 2010లో టీఎల్‌సీ అని పేరు మార్చుకుంది. ఇక్కడికొచ్చేసరికి చదువు ఊసే లేదు.

ఇదొక్కటే కాదు. 1981లో పాటల కోసమే పుట్టిన ఎంటీవీ 2010లో తన గుర్తు కింద ఉన్న 'మ్యూజిక్ టెలివిజన్' మాటల్ని తీసేసింది. మన దగ్గర ఎంటీవీ అంటే పిల్లలకి రోడీస్ గుర్తొస్తుంది గానీ పాట గుర్తురాదు. 1995లో మొదలైన హిస్టరీ చానల్‌కి 2009 తర్వాత పెద్ద పేరు తెచ్చింది ఒక తాకట్టు కొట్టు కథ. లాస్ వెగాస్‌లో కొట్టు పెట్టుకుని పాత సామాను బేరమాడతారు. అది చరిత్రే అంటే మా వీధిలో పాత ఇనుము కొనేవాడూ చరిత్రకారుడే!

ఇక మన సంగతికొద్దాం. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబర్ 23న మొదలైంది. నెల తిరక్కుండా నవంబర్ 19న మన దివిసీమకి ఉప్పెన వచ్చింది. సుమారు 10,000 మంది పోయారు. అప్పటికి మన వైపు టీవీ అంటే ఏమిటో తెలియదు, ఉన్నది రేడియో. అందుకేనేమో మా అత్తయ్య గారి తరానికి వార్తలంటే ప్రాణాల మీద మాట. తుఫాను కబురు వినిపించిందంటే పొయ్యి ఆపి మరీ వచ్చి కూర్చునేవారు.

1995లో ఫిబ్రవరిలో జెమిని, ఆగస్టులో ఈటీవీ వచ్చాయి. అవి అన్నీ కలిపిన అంగళ్లు: సినిమా, సీరియల్, వార్తలు, పొద్దున్నే అన్నదాత. రొయ్యల చెరువులో నీళ్లు ఎప్పుడు మార్చాలో మా ఇంట్లో మగవాళ్లు చర్చించుకుంటుంటే, ఆ కార్యక్రమం చూసిన మా అత్తయ్య గారు వంటింట్లోంచి సమాధానం చెప్పేవారు. 2003 డిసెంబర్‌లో ఈటీవీ2, 2004లో టీవీ9 వచ్చాక వార్తలకి విడిగా చానళ్లు వచ్చాయి. ఈటీవీ2లో వార్తలతో పాటు సఖి, సుఖీభవ లాంటివి ఉండేవి. మధ్యాహ్నం అన్నాలయ్యాక డాక్టరు చెప్పేవి, లాయరు చెప్పేవి, కుట్లు అల్లికలు. బయటికెళ్లి ఒకరిని అడగడానికి మొహమాటపడే సంగతులు ఇంట్లో కూర్చుని వినేవాళ్లం. నెలసరి గురించి, ఆస్తి హక్కు గురించి టీవీలో ఒకావిడ మామూలు గొంతుతో మాట్లాడటం అప్పట్లో చిన్న విషయమేమీ కాదు.

2007లో ఎన్టీవీ, భక్తి టీవీ, ఆ సంస్థదే ఆడవాళ్ల కోసం వనిత, 2008లో తిరుమల వారి ఎస్వీబీసీ, 2009లో సాక్షి, ఏబీఎన్, చిన్నపిల్లలకి ఖుషీ. ప్రతి అవసరానికీ ఒక చానల్! 2009 అక్టోబర్‌లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు కరకట్ట నిలుస్తుందా లేదా అని ఊరంతా వార్తా చానళ్లకే అతుక్కుపోయాం.

మరి ఆ తర్వాత ఏమైంది? వార్తా చానల్ పెడితే పొద్దున జాతకాలు, మధ్యాహ్నం సినిమా ముచ్చట్లు, సాయంత్రం నలుగురు పోట్లాడుకోవడం. భక్తి కోసం పెడితే రత్నాలు, యంత్రాల అమ్మకాలు. మధ్యాహ్నం ఆడవాళ్ల కార్యక్రమం వచ్చే వేళకి రాత్రి సీరియల్ మళ్లీ వేస్తారు. అందరూ ఒక్క చోటికే నడుస్తున్నారు.

ఎందుకని ఆలోచిస్తే నాకు రెండు కారణాలు కనిపించాయి. ఒకటి, లెక్క. ప్రకటనల డబ్బు రేటింగుని బట్టి వస్తుంది. 2015 దాకా ఆ రేటింగు మీటర్లు ప్రధానంగా లక్ష జనాభా దాటిన పట్టణాల్లోనే ఉండేవి. ఆ లెక్కన బందరు, గుడివాడ అర్హత సంపాదించినా నాగాయలంకకి ఎక్కడిది? మా అత్తయ్య గారు అన్నదాత ఒక్కరోజు కూడా వదలకుండా చూసినా ఆ చూపు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. 2015 అక్టోబర్ నుంచి బార్క్ వాళ్లు పల్లెల్ని కూడా లెక్కలో చేర్చారు, అప్పటికి అలవాట్లు ముదిరిపోయాయి. పైగా కేబుల్లో మంచి నంబరు దగ్గర కనిపించాలంటే చానలే ఆపరేటరుకి డబ్బు కట్టాల్సొచ్చేది. ఆ ఖర్చు రాబట్టాలంటే కుట్లు అల్లికలతో అవుతుందా? సినిమా పాట వేస్తే అవుతుంది.

రెండోది, ఎవరి డబ్బు అన్నది. ఎస్వీబీసీ చూడండి. పెట్టినప్పుడు ఏది చూపించిందో ఇప్పటికీ అదే, కల్యాణోత్సవం, సుప్రభాతం, పారాయణం. దాన్ని నడిపేది తిరుమల తిరుపతి దేవస్థానం, రేటింగు కోసం స్వామివారు వేషం మార్చక్కర్లేదు. 2015లో వచ్చిన డీడీ కిసాన్ కూడా సర్కారు డబ్బుతోనే రైతుని పట్టుకుని ఉంది. కాకపోతే హిందీలో మాట్లాడుతుంది, మన చెరువు గట్టు మీద ఎవరికర్థమవుతుంది!

2019 ఫిబ్రవరి నుంచి ట్రాయ్ కొత్త పద్ధతి పెట్టింది. అప్పట్లో వంద చానళ్లకి 130 రూపాయలు, పన్నుతో 153. దానిపైన కావలసిన చానల్‌కి విడిగా డబ్బు. ఎవరికేం కావాలో వాళ్లే ఎంచుకుంటే ప్రత్యేక చానళ్లు బతుకుతాయని నేననుకున్నా. తీరా ఎంచుకునే కాగితం వచ్చినప్పుడు ఏ ఇంట్లోనైనా టిక్కు పెట్టింది ఎవరండీ? రిమోటు ఎవరి చేతిలో ఉంటే వాళ్లే. క్రికెట్టు, సినిమాలు, రెండు సీరియల్ చానళ్లు. ఆరోగ్యం, సేద్యం, ఆడవాళ్ల సంగతులు ఉండే చానల్ అడిగి వేయించుకున్న కోడళ్లు మా వీధిలో నాకు కనపడలేదు. అంతకుముందు 2017 చివర్లో 149 రూపాయలకి ఫైబర్‌నెట్ వచ్చినప్పుడూ ఇంట్లో జరిగింది ఇదే.

ఇప్పుడు ఆ ఖాళీని యూట్యూబ్ నింపుతోంది. రొయ్యకి తెల్లమచ్చ వస్తే ఏం చేయాలో, గర్భసంచి ఆపరేషన్ అవసరమా కాదా అన్నదీ అందులోనే వెతుకుతున్నారు. చెప్పేది డాక్టరా కాదా అని చూసేవాళ్లు తక్కువ. పాతికేళ్ల కిందట టీవీలో డాక్టరు పేరు, చదువు కింద పడేది కదా, మా అత్తయ్య గారు ఇప్పటికీ ఫోను తిప్పి ఆ పేరు కోసమే చూస్తారు. మొన్న నాకు నచ్చిన ఒక వంటల చానల్ తెరిచాను. గోంగూర రొయ్యలు ఎలా చేయాలో చూద్దామని. ఆవిడ చీరలు అమ్ముతోంది.