బొబ్బిలి కథలో పిల్లవాడు

స్వర్ణోత్సవ సంచికకి మన ప్రాంతపు చరిత్ర మీద ఏదైనా రాయమని పూర్వ విద్యార్థులు అడిగారు. నాకు బొబ్బిలి యుద్ధం తప్ప మరొకటి తోచలేదు. ఏడాదికోసారి ఆ పాఠం చెప్పాను, ఎప్పుడూ ఒక్కలాగే చెప్పాను. ఫ్రెంచి బుస్సీ, అతని పక్కన విజయనగరం విజయరామరాజు, 1757 జనవరి 24, మట్టికోట, రంగారావు మరణం, ఆఖరికి తాండ్ర పాపారాయుడు రాత్రివేళ విజయరామరాజు గుడారంలో దూరి పగ తీర్చుకోవడం. అక్కడికి పిల్లలు బల్లలు చరిచేవారు, గంట కొట్టేసేవారు.

ఒక ఏడు మాత్రం వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "కోటలో బతికిన గుంటడు తరవాత ఏటయ్యాడు మేస్టారూ?" అన్నాడు. అది పరీక్షలో రాదు, కూర్చోమన్నాను.

ఆ పిల్లవాడి సంగతి ఆర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు రాశాడు. కోట నిలవదని తేలాక లోపలి మగవాళ్లు తమ ఇళ్లకి తామే నిప్పు పెట్టారు. బయటికి రాబోయిన భార్యాబిడ్డల్ని తామే పొడిచి, మళ్లీ బురుజుల మీదికి పోయి చచ్చిపోయారు. అంతా అయ్యాక ఒక ముసలాయన ఓ పసివాణ్ణి వెంటబెట్టుకొచ్చి ఫ్రెంచి అధికారికి అప్పగించాడు. ఇతను రంగారావు కొడుకు, తండ్రి మాట కాదని దాచాను అన్నాడట. ఆ ముసలాయన పేరు ఆర్మ్ రాయలేదు. నా లెక్కన ఆ రోజు కోటలో అందరికంటే ధైర్యం చేసినవాడు ఆయనే.

జంగాలు పాడిన బొబ్బిలి కథ పాపారాయుడి కత్తితో ముగుస్తుంది. 1964లో వచ్చిన సినిమా కూడా వీరుల్నే చూపించింది. ఆ పిల్లవాడు చిన్న రంగారావు మాత్రం ఇంకా బతకవలసి ఉంది. అతనికి తండ్రి జమీ తిరిగి దక్కింది 1794లో. మధ్యలో ముప్పై ఏడేళ్లు!

ఆ 1794లోనే, జూలై 10న, విజయనగరానికీ భీమిలికీ మధ్యనున్న పద్మనాభం దగ్గర కంపెనీ సేనతో పోరాడి మరో విజయరామరాజు నేలకూలాడు. చిన్నవాడైన అతని కొడుకు నారాయణబాబు కొండ జమీందార్లని ఆశ్రయించాడు. బొబ్బిలి బిడ్డ ఇల్లు చేరిన ఏడే విజయనగరం బిడ్డ ఇల్లు విడిచాడన్నమాట. ఈ రెండూ పక్కపక్కన పెట్టి నేను ఏ తరగతిలోనూ చెప్పలేదు.

వీరగాథ కోట బయట నిలబడి పాడుతుంది. ఇంట్లోకి వెళ్లడం కథానికకి చేతనవును. గురజాడ 1910లో రాసిన 'దిద్దుబాటు' మొదలయ్యేదే అర్ధరాత్రి దాటాక ఇంటి తలుపు దగ్గర కదా! అక్కడ ఆలస్యంగా వచ్చిన మొగుడు. సైన్యానికి పోయినవాడి తలుపైతే? ఇటలీ రచయిత పిరాండెల్లో మొదటి ప్రపంచ యుద్ధం మీద రాసిన కథలో ఒక్క తుపాకీ పేలదు. రైలుపెట్టెలో కొందరు తల్లిదండ్రులు మాట్లాడుకుంటూంటారు. దేశం కోసం పోయిన కొడుకు కోసం ఏడవకూడదని ఒక పెద్దమనిషి గట్టిగా వాదిస్తాడు. ఒక తల్లి అమాయకంగా, అయితే మీ అబ్బాయి నిజంగా చనిపోయాడా అని అడుగుతుంది. అంతే, ఆయన బావురుమంటాడు. నాలుగు పేజీలుంటుందేమో. బొబ్బిలి కోట మీద అలాంటి నాలుగు పేజీలు, ఆ ముసలాయన వైపు నుంచి రాస్తే ఎలా ఉంటుందోనని చాలాసార్లు అనుకున్నాను. అనుకోవడమే, రాయలేదు.

మన ఊళ్ల నుంచి సైన్యానికి వెళ్లినవాళ్లు మన బడిలోనూ ఉన్నారు. వెనక బెంచీ కుర్రాడూ వాళ్లలో ఒకడు. 1999లో కార్గిల్‌లో ఉన్నాడు. రిటైరై వచ్చాక ఓ సాయంత్రం మా ఇంటికొచ్చాడు. నువ్వు చూసింది కథగా రాయరా, సంచికలో వేయిద్దాం అన్నాను.

"నాకేటి తెలుసు మేస్టారూ, నాను కొండ మీదున్నాను. మాయమ్మనడగండి. ఆ రెండు నెలలూ సైకిలు బెల్లు ఇనిపిస్తే చాలు, పోస్టుమేనేమోనని దొడ్డితోవన పోయి పశువులసాల్లో కూకునేదట."

ఆవిడ ఆ తరవాత ఆరేళ్లు బతికింది. వాళ్ల ఊరు మా ఇంటికి నాలుగు మైళ్లు. నేను వెళ్లి అడగలేదు.