సిమోన్ వెయ్: ప్రేమ, సౌందర్యం, చెడు, దైవకృప

సిమోన్ వెయ్ (1909–1943) ఫ్రెంచ్ తత్వవేత్త. ప్రేమ, సౌందర్యం, చెడు, దైవకృప ఒకదానితో ఒకటి విడదీయరానంతగా అల్లుకుని ఉన్నాయన్నది ఆమె ఆలోచనకు ఆయువుపట్టు. బతికుండగా ఆమె పుస్తకమేదీ రాలేదు. 1942లో ఫ్రాన్స్ వదిలి వెళ్తూ తన నోటుపుస్తకాలను గుస్తావ్ తిబోన్ అనే రచయిత చేతికిచ్చింది. సొంత పొలం చేసుకుంటూ రాసుకునే ఆయన వాటిలోంచి ఏరి కూర్చిన ‘గురుత్వం, కృప’ 1947లో వెలువడింది. పుస్తకంలోని అధ్యాయాల వరస తిబోన్‌దే కనుక చదివేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

మతాచారాల పట్టింపు లేని యూదు కుటుంబంలో, పారిస్‌లో ఆమె పుట్టింది. అన్న ఆంద్రే వెయ్ పేరుమోసిన గణితవేత్త. 1930ల తొలినాళ్లలో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. ఆమె తత్వశాస్త్రం బోధిస్తూనే 1934 డిసెంబరులో ఉద్యోగానికి సెలవు పెట్టి ఫ్యాక్టరీ కూలీగా చేరింది. మనిషిని లోపలి నుంచి నలగ్గొట్టే దురవస్థ ఎలాంటిదో ఆమె అక్కడ ఒంటితో తెలుసుకుంది. 1938 ఈస్టర్‌కు సొలెమ్ అనే క్రైస్తవ మఠంలో తీవ్రమైన తలనొప్పితోనే కీర్తనలు వింటూ, బాధ నడుమ కూడా దైవప్రేమ సాధ్యమేనని గ్రహించింది. ఆ తర్వాత క్రీస్తును గాఢంగా నమ్మినా బాప్టిజం పుచ్చుకోకుండా చాలాకాలం చర్చి గడప బయటే ఉండిపోయింది.

రాయి కిందికి పడ్డట్టే మనసు కూడా తనకు తెలియకుండానే కిందికి జారుతుందని, దాన్ని పైకెత్తగలిగేది కృప ఒక్కటేనని ఆమె అంటుంది. ఇందుకు తననే ఉదాహరణగా తీసుకుంది. తలనొప్పి ముదిరినప్పుడు ఎదుటి మనిషి నుదుటి మీద సరిగ్గా అదే చోట కొట్టాలనిపించేదని నోటుపుస్తకంలో రాసుకుంది. తనకు తగిలిన దెబ్బను మరొకరికి అంటించాలనే ఆరాటమే చెడు పాకే తీరు. దాన్ని అంటించకుండా తనలోనే ఆపుకుంటే ఒక వెలితి మిగులుతుంది. ఓదార్పులతో, ఊహలతో దాన్ని పూడ్చకుండా ఓర్చుకున్నవారిలోకే కృప ప్రవేశిస్తుంది. కథల్లో చెడు రంగురంగులుగా కనిపిస్తుంది గానీ నిజజీవితంలో అది విసుగెత్తించేంత చప్పగా ఉంటుందన్నది ఆమె చేసిన మరో పదునైన పరిశీలన.

సౌందర్యం దగ్గరికొచ్చేసరికి ఆమె ఉపనిషత్తుల్లోని రెండు పక్షుల ఉపమానాన్ని తీసుకుంటుంది. ఒకే చెట్టు మీద ఒక పక్షి పండు తింటుంది, రెండోది చూస్తూ ఉంటుంది. అందమైనదాన్ని చూసి ఊరుకోలేక నోట వేసుకోబోవడంలోనే మన పతనమంతా ఉందని ఆమె భావం. ఆమె సంస్కృతం నేర్చుకుని గీతను మూలంలో చదివింది కాబట్టి, ఇది ఎక్కడో విన్నదాన్ని అరువు తెచ్చుకోవడం కాదు. ప్రేమ విషయంలోనూ అదే మాట: ఎదుటి మనిషి మనకు ఆహారం కాకుండా తానుగా ఉండాలని మనసారా ఒప్పుకోవడం. దేవుడు కూడా తాను వెనక్కి తగ్గి చోటివ్వబట్టే సృష్టి ఉందని ఆమె నమ్మింది.

యుద్ధకాలంలో లండన్‌లో క్షయతో మంచం పట్టాక, ఆక్రమిత ఫ్రాన్స్ ప్రజలకు దొరికేదానికి మించి తిననంటూ ఆమె ఆహారం తగ్గించుకుంది. 1943 ఆగస్టు 24న కెంట్‌లోని ఆష్‌ఫర్డ్ శానటోరియంలో కన్నుమూసింది. ఆమె మరణించాక ఆమె రచనలు కొన్నింటిని రచయిత ఆల్బేర్ కామూ తన గ్రంథమాలలో అచ్చువేయించాడు.

యూదుల ధర్మగ్రంథాల మీద ఆమె తీర్పులు అన్యాయంగా, కఠినంగా ఉన్నాయన్న విమర్శ సబబే. బాధను గొప్ప చేసిందన్న ఆరోపణకు మాత్రం ఆమె రాతల్లోనే జవాబుంది. తన బాధను ఓర్చుకోవాలన్న మనిషే, పరుల ఆకలి తీర్చడం ప్రతివారి మీదా ఉన్న మొట్టమొదటి బాధ్యత అని కూడా రాసింది.