మన వస్తువులు, మన చరిత్ర – 7వ భాగం: ఆ కుంచం ఎవరిది?



పోయిన భాగంలో డప్పు గురించి రాశాక చాలామంది విద్యార్థులు ఒకటే అడిగారు. "అక్కా, మన వస్తువులు మ్యూజియంలో ఎందుకు కనబడవు?" అని. దీనికి జవాబు నేను పుస్తకాల్లో వెతుకుతుంటే మా అమ్మ ఒక కొట్టులో నిలబడి చెప్పేసింది. అదే ఈవారం రాస్తున్నాను. కొంచెం పొడుగు, ఓపికపట్టి చదవండి.

రెండు వారాల క్రితం శనివారం పొద్దున్నే అనకాపల్లిలో బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, డెబ్బై దాటిన మా అమ్మ. పిల్లలకి సబ్‌మెరైన్ చూడాలని, నాకు మ్యూజియం చూడాలని. అమ్మకి ఏం చూడాలని ఉందో మేం అడగనే లేదు. పిల్లలతో రెండు రోజులు గడపొచ్చని వచ్చింది.

బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ చూసి విశాఖ మ్యూజియానికి వెళ్ళాం. 1991లో తెరిచిన ఈ మ్యూజియం పాత డచ్ బంగ్లాలో ఉంది. డచ్ అనగానే పిల్లలు "ఫుట్‌బాల్ ఆడేవాళ్ళా?" అన్నారు. వాళ్ళకి చెప్పినదే మీకూ చెబుతాను. డచ్ కంపెనీ ఈ తీరానికి బట్టల కోసం వచ్చింది. పక్కనున్న భీమునిపట్నం 1825లో ఇంగ్లీషువాళ్ళకి అప్పగించేదాకా వాళ్ళదే. అయితే వాళ్ళ ఓడల్లో వెళ్ళినవి బట్టలొక్కటే కాదు. 17వ శతాబ్దంలో కరువులొచ్చినప్పుడల్లా కోరమాండల్ తీరం నుంచి వేలమందిని కొని బటావియాకి, సిలోన్‌కి బానిసలుగా తీసుకుపోయారు. కరువులో ముందు అమ్ముడుపోయేది ఎవరు? భూమి లేనివాళ్ళు, గాదెలో గింజ లేనివాళ్ళు. కంపెనీ లెక్కల్లో వాళ్ళు తలలుగా, ధరలుగా మిగిలారు తప్ప మనుషులుగా కాదు.

లోపల కళింగాంధ్ర జమీందారుల కత్తులు, కవచాలు, వెండి సామాను, పట్టుబట్టలు, చిత్రపటాలు ఉన్నాయి. చూడాల్సినవే. నేను మ్యూజియాన్ని తప్పుపట్టడం లేదు. ఒక విషయం మాత్రం గమనించండి. మ్యూజియానికి చేరాలంటే వస్తువు ముందు ఒక ఇంట్లో వందేళ్ళు బతకాలి. దానికి పక్కా ఇల్లు కావాలి, ఇనప్పెట్టె కావాలి, తరాలపాటు ఆ ఇంట్లోంచి ఎవరూ వెళ్ళగొట్టకూడదు. మనవాళ్ళ వస్తువులు తోలువి, వెదురువి, తాటాకువి, మట్టివి. అరిగేదాకా వాడుకున్నాం. మిగిలినవి ఇల్లు కాలితే కాలిపోయాయి, వానకి నానిపోయాయి. దాచుకోగలిగినవాళ్ళ చరిత్ర మిగిలింది. దాన్నే అందరి చరిత్ర అని చదువుకుంటున్నాం.

అమ్మ అన్నీ మౌనంగా చూసింది. బయటికొచ్చాక ఒక్క మాటంది. "ఈ ఎండి గిన్నెలు రోజూ తోమినోళ్ళు ఎవులో!"

ఆ రాత్రి గాజువాకలో మా తమ్ముడింట్లో పడుకుని, ఆదివారం వన్ టౌన్ వైపు వెళ్ళాం. పాత ఇత్తడి, పాత గడియారాలు, దిమ్మచెక్కలు, గ్రామఫోన్లు అమ్మే కొట్టొకటి అక్కడుందని మా ఆయనకి ఎవరో చెప్పారు. ఇప్పుడు హోటళ్ళవాళ్ళు, పెద్ద ఇళ్ళవాళ్ళు ఇలాంటివి కొని హాల్లో పెట్టుకుంటున్నారు. పిల్లలు గ్రామఫోన్ దగ్గర ఆగిపోయారు. అమ్మ మూలకి వెళ్ళి ఒక ఇత్తడి పాత్ర ఎత్తింది. బోర్లించి చూసింది. తర్వాత లోపల చెయ్యి పెట్టి అడుగు తడిమింది.

"ఏటమ్మా అది?" అన్నాను.

"ఏటంటావేటే? కుంచం."

చిన్నపిల్లలకి తెలియదు కాబట్టి చెబుతున్నాను. కిలోలు రాకముందు మన పల్లెల్లో ధాన్యాన్ని కొలిచేవారు, తూచేవారు కాదు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చి లీటర్లు, కిలోలు తెచ్చింది. కానీ కళ్ళాల్లో కుంచం ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచింది. కూలి కూడా కుంచాల్లోనే ఇచ్చేవారు.

కొట్టతను లేచొచ్చి, "జమీందారీ కుంచం అమ్మా, పెద్ద దివాణం నుంచి వచ్చింది. నాలుగున్నర వేలు" అన్నాడు.

అమ్మ నవ్వింది. ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు. "బాబూ, దీని జత ఏదీ?" అంది.

అతనికి అర్థం కాలేదు. నాకూ కాలేదు. అప్పుడు చెప్పింది.

మా తాత ఒక రైతు దగ్గర పాలికాపు. ఏడాదికింత ధాన్యం అని మాట. పొద్దు పొడవకముందు వెళ్ళి, పశువులకి కుడితి పెట్టి, దున్ని, నీళ్ళు కట్టి, రాత్రికి వచ్చేవాడు. పంటలొచ్చాక కళ్ళంలో జీతం కొలిచేవారు. ఆ ఇంట్లో రెండు కుంచాలుండేవట. అప్పు వసూలు చేసుకునేటప్పుడు ఒకటి, జీతం ఇచ్చేటప్పుడు ఇంకొకటి. చూడ్డానికి రెండూ ఒకటే. ఇచ్చే కుంచానికి అడుగున లోపల లక్క పోసి ఉండేది. అప్పు తీసుకునేటప్పుడు గోపురంలా రాశి పోయించుకునేవారు. జీతం ఇచ్చేటప్పుడు కర్రతో పైన చదును చేసేవారు. అడుగున కొంత, పైన కొంత పోయేది. ఏడాది చివర అప్పు తీరేది కాదు. అప్పు తీరలేదు కాబట్టి మరుసటేడు కూడా అక్కడే. తాత తర్వాత మా మావయ్య.

"అయ్యకి తెలీదేటి? తెలుసు. అడిగితే ఇంకో ఇంట్లో పెట్టుకోరు. అందుకే ఊరుకున్నాడు" అంది అమ్మ. "జమీందారీ కుంచం అంటన్నాడు. కొలిసింది అయ్య. మోసింది అయ్య. ఆకలికున్నది మేం. పేరు మాత్రం ఆళ్ళదేటి?"

మిత్రులారా, నేను వెట్టిచాకిరీ మీద ఎన్నో సభల్లో మాట్లాడాను. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి మన విశాఖపట్నం జిల్లాకి ఎలా వచ్చిందో చెప్పగలను. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి జమీందారు పోయాక, ఆ భూమికి పట్టా రైతుకి వచ్చింది గానీ దాన్ని దున్నిన పాలికాపుకి ఎందుకు రాలేదో చెప్పగలను. చట్టం దృష్టిలో శిస్తు కట్టినవాడే సాగుదారు, చెమట కార్చినవాడు కాదు. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం సంగతీ చెప్పగలను. కానీ అప్పు ఎందుకు తీరేది కాదు అన్నదానికి మా ఇంట్లోనే సాక్షి ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. వడ్డీ ఒక్కటే అనుకున్నాను. పాత్ర అడుగున లక్క ఉందని ఏ చట్టంలోనూ రాసి లేదు.

"కొందామా అమ్మా?" అన్నాడు మా ఆయన.

"దాన్ని ఇంట్లో పెట్టుకుని రోజూ సూడాలేటి? వొద్దు" అంది.

కొనలేదు. కానీ మా అమ్మాయి మొదటినుంచీ ఫోన్‌లో అమ్మమ్మ మాటలు రికార్డు చేసింది. పదకొండు నిమిషాలు. మా ఇంటి మ్యూజియంలో మొదటి వస్తువు అదే.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పురావస్తువులు, కళాఖండాల చట్టం 1972లో వచ్చింది. దాని ప్రకారం శిల్పమో నాణెమో మాత్రమే కాదు, గడిచిన కాలపు వృత్తులకి, ఆచారాలకి సాక్ష్యమైన ఏ వస్తువైనా వందేళ్ళు దాటితే పురావస్తువే. అంటే రాజు కత్తి ఒక్కటే కాదు, కూలి కొలిచిన కుంచం కూడా. చట్టం ఒప్పుకుంది. ఒప్పుకోవాల్సింది మనమే.

సాయంత్రం తిరిగొస్తూ అనకాపల్లి పక్కనే ఉన్న శంకరం దగ్గర దిగాం. అది నా పట్టు. సంఘారామం అన్న మాటే శంకరం అయిందంటారు. అక్కడి బొజ్జన్నకొండ బుద్ధుని కొండ. కొండని తొలిచి చేసిన గుహలు, పదహారు స్తంభాల మండపం, మధ్యలో రాతిలోనే చెక్కిన స్తూపం ఉన్నాయి. పక్క కొండ మీద వరసగా చిన్న చిన్న రాతి స్తూపాలుంటే, జనం వాటిని లింగాలనుకుని లింగాలకొండ అన్నారు. పేరు మారితే చాలు, చరిత్ర చేతులు మారిపోతుంది. 1907 ప్రాంతంలో అలెగ్జాండర్ రియా తవ్వించినప్పుడు సముద్రగుప్తుడి బంగారు నాణెం, చాళుక్యుల రాగి నాణేలు, శాతవాహనుల సీసపు నాణెం దొరికాయి. రియా పేరు అన్ని పుస్తకాల్లో ఉంది. గునపం పట్టినవాళ్ళు ఏ పేటవాళ్ళో ఎవరూ రాయలేదు.

అంబేడ్కర్ 1948లో అచ్చయిన అంటరానివారి పుస్తకంలో, బౌద్ధాన్ని వదలని ఛిన్నాభిన్న జనమే ఊరి బయటికి నెట్టబడ్డారని వాదించారు. చరిత్రకారులందరూ దీన్ని ఒప్పుకోలేదు. ఆధారం దొరకని చోట ఊహతో కలిపానని ఆయనే ముందుమాటలో దాచకుండా చెప్పారు. కాబట్టి విద్యార్థులు దీన్ని రుజువైన సంగతిగా కాదు, వెతకాల్సిన ప్రశ్నగా తీసుకోండి. నాకు మాత్రం ఆ కొండ కింద నిలబడినప్పుడల్లా ఆ ప్రశ్న గుర్తొస్తుంది.

ఇదంతా మెట్ల దగ్గర పిల్లలకి చెబుతున్నాను. అమ్మ కింది మెట్టు మీద కూర్చుని వింది. విని, నెమ్మదిగా అంది. "కనుమనాడు మేం ఇక్కడికొచ్చి రాళ్ళేసేవోళ్ళం. రాచ్చసుడి పొట్ట అనేవోరు. నానూ ఏసినాను."

అది నిజం. కనుమ రోజున పొట్ట ఆకారంలో ఉన్న రాతిని రాక్షసుడనుకుని చుట్టుపక్కల జనం రాళ్ళతో కొట్టే ఆనవాయితీ ఉండేది. ఇంటాక్ సంస్థ పూనుకున్నాక ఆగింది. కానీ రాయి వేసిన చేతుల్లో మా అమ్మ చెయ్యి ఉందని నాకు తెలియదు. ఎవరో మనకి ఒక కథ చెప్పారు. మన చేతికి రాయి ఇచ్చారు. అది ఎవరి గుడో మనకి చెప్పలేదు.

మా అబ్బాయి "మరి ఇప్పుడేం చేద్దాం అమ్మమ్మా?" అన్నాడు. "ఏం సేత్తాం, ఎరక్క ఏసినాం. నువ్వు ఎరిగి సెప్పు" అంది.

మిత్రులారా, ఈ సెలవుల్లో మీ ఊరెళ్ళినప్పుడు ఒక పని చెయ్యండి. ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కూర్చుని ఒక్క వస్తువు గురించి అడగండి. పేరేమిటి, ఎవరు చేశారు, ఎవరు వాడారు, దానితో ఎవరికి ఎంత ముట్టింది, ఎవరికి ఎంత ఎగ్గొట్టారు. వాళ్ళ యాసలోనే రికార్డు చెయ్యండి, దిద్దకండి. తేదీ, ఊరు రాసి పెట్టండి. వాళ్ళు ఒప్పుకుంటేనే నలుగురికీ పంపండి. మన పెద్దవాళ్ళకి డెబ్బైలు, ఎనభైలు వచ్చేశాయి. ఇత్తడి ఇంకో వందేళ్ళు ఉంటుంది. వాళ్ళు ఉండరు.

వచ్చే భాగంలో మావయ్య గురించి, ఆయన ఆ ఇంట్లోంచి ఎలా బయటపడ్డాడో రాస్తాను.

జై భీమ్.