తళుకు, తొడుగు: మనూరు సీమలో లోహపు సామాను సంరక్షణ చరిత్ర

మంజీర పరివాహక ప్రాంతంలోని మనూరు, దాని పక్కనున్న నారాయణఖేడ్ నేడు సంగారెడ్డి జిల్లాలో ఉన్నా, 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు ఈ సీమ హైదరాబాద్ రాష్ట్రపు బీదర్ జిల్లాకు చెందినది. ఆనాడు బీదర్ జిల్లా మూడు ముక్కలై, పెద్దభాగం మైసూరుకు, పడమటి తాలూకాలు బొంబాయికి, నారాయణఖేడ్, జహీరాబాద్ ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లాకు చేరాయి. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ కలిసి వినిపించే ఈ చోట లోహాన్ని గాలి నుంచి, నీటి నుంచి, పులుపు నుంచి ఎలా కాపాడుకున్నారో తెలుసుకోవాలంటే బీదర్ పట్టణం నుంచే మొదలుపెట్టాలి.

బహమనీ సుల్తానులకు 15వ శతాబ్దంలో రాజధాని అయిన బీదర్ పేరుమీదనే బిద్రీ పని ప్రసిద్ధికెక్కింది. బిద్రీ వస్తువుకు మూలలోహం తుత్తునాగం, అంటే జింకు. నూటికి తొంభై పాళ్లకు పైగా అదే ఉండగా, మిగిలినది రాగి. ఈ మిశ్రమాన్ని ఇసుక అచ్చులో పోతపోసి, పైభాగాన్ని నునుపుచేసి, మైలుతుత్తం నీటితో తాత్కాలికంగా నల్లబరచి, ఆ నలుపుమీద ఉలితో పూలు, తీగలు చెక్కి, ఆ గాడుల్లో వెండి తీగనో రేకునో కొట్టి కూర్చుతారు. ఆ తరువాత వస్తువును కొద్దిగా వేడిచేసి, కోటలో ఎండావానా సోకని మూలల నుంచి తెచ్చిన పాతమట్టిని నవాసాగరంతో కలిపిన ముద్దను పట్టిస్తే, మూలలోహం చిక్కని నలుపుకు తిరుగుతుంది. వెండి మాత్రం చెక్కుచెదరక తెల్లగా నిలుస్తుంది. చివరగా నూనె పూస్తారు. బిద్రీ గొప్పతనాన్ని వెండి నగిషీలోనే చూడడం సగం చూపే అవుతుంది. ఆ నలుపు లోహపు ఒంటిమీదనే పుట్టి, దానినే అంటిపెట్టుకున్న పొర. దానిని గరుకు పొడితో తోమినవాడు వస్తువును శుభ్రపరచినట్టు కాదు, పాడుచేసినట్టు.

కోటలో, కొలువులో ఉన్నవారికి బిద్రీ హుక్కాలు, పాన్‌దానులు ఉంటే, పల్లె ఇంటిలో ఉన్నవి రాగి బిందెలు, ఇత్తడి గిన్నెలు, గంగాళాలు. వీటికి శత్రువు చిలుము, అంటే రాగి పులుపుతోనో తేమతోనో కలిసి పట్టే పచ్చని విషపు మడ్డి. చింతపండు పులుసు లేనిదే పూట గడవని తెలుగు వంటకు కళాయి పూయని ఇత్తడి గిన్నె ఎంతమాత్రం పనికిరాదు. ఈ అవసరమే కళాయి వేసేవారి బతుకుతెరువును నిలబెట్టింది. కళాయి అంటే గిన్నె లోపలివైపు పట్టించే తగరపు పూత. ఊరి నడుమ చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తోలు తిత్తితో ఊది మంట రాజేసి, ముందుగా ఇసుకతో గిన్నె లోపలి మురికిని రుద్ది తీసేవారు. పెద్ద గంగాళమైతే అందులోనే నిలబడి, కాళ్లకింద గుడ్డ వేసుకుని అటూ ఇటూ తిరుగుతూ తోమేవారు. కాలిన గిన్నెలో నవాసాగరం పొడి చల్లగానే తెల్లని పొగ లేచేది; లోహంమీది మలినం దానితో విడిపోయేది. అప్పుడు తగరపు కడ్డీని తాకిస్తే, 232 డిగ్రీల సెల్సియస్ వేడికే కరిగే ఆ లోహం జారేది. దూదితో గిన్నె అంతటా ఒకే ఊపున రుద్దితే పూత పట్టేది. వేడి ఎక్కువైతే తగరం నల్లబడుతుంది, తక్కువైతే అంటుకోదు. కొలత పరికరమేదీ లేకుండా ఈ మధ్యస్థితిని కంటితోనే గుర్తించిన పనితనాన్ని చదువులేనివారి చిల్లరపనిగా చూడడం అన్యాయం.

ఈ వృత్తిని దెబ్బతీసిన లోహం అల్యూమినియం. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో ఎరూ విడివిడిగా దానిని విద్యుత్తుతో చవకగా తీసే పద్ధతి కనిపెట్టగా, 1898లో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ దానితో పాత్రల తయారీ ప్రారంభించాడు. రాగి బరువులో మూడోవంతు కూడా తూగని ఈ లోహాన్ని తెలంగాణ ఊళ్లలో సత్తు అన్నారు, సిల్వర్ అనీ అన్నారు. కళాయి అక్కరలేకపోవడమే దానికి పెద్ద ఆకర్షణ. గాలి తగలగానే దానిమీద కంటికి కనిపించనంత పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడి, లోహం తనకు తానే తొడుగు వేసుకుంటుంది. అయితే ఇత్తడిని తళతళలాడించిన చింతపండు, బూడిద సత్తుకు పడవు: పులుపు ఒకవైపు, బూడిదలోని క్షారం మరొకవైపు ఆ పొరను కరిగిస్తాయి. ఇత్తడి కాలపు అలవాటును సత్తు గిన్నెకు మోసుకురావడంతో, తోమిన కొద్దీ గిన్నె పలుచబడింది.

ఇదే చిక్కు ఎక్కడో అమెరికాలోనూ ఎదురైంది. అక్కడ కారు వెనుక తగిలించి లాగే ఇంటిబండ్లకూ అల్యూమినియం వాడారు. 1936లో ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ రివెట్లతో బిగించిన అల్యూమినియం రేకులతో క్లిప్పర్ అనే అటువంటి బండిని తయారుచేసింది. ఇటువంటి బండ్లకు వాడే ఆల్‌క్లాడ్ రేకులో బలమైన మిశ్రమలోహానికి రెండువైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పొర అతికి ఉంటుంది. అద్దంలా మెరవాలని అదేపనిగా పాలిష్ పట్టిస్తే ఆ పొర అరిగి, తుప్పుకు లొంగే లోపలి లోహం బయటపడుతుంది. రసాయన ద్రావణంలో విద్యుత్తు పంపి ఆక్సైడ్ పొరనే మందం చేసే అనోడైజింగ్ పద్ధతి 1923లో బ్రిటన్‌లో సముద్ర విమానాల భాగాలకోసం వచ్చింది. ఈనాటి బూడిదరంగు వంటపాత్రలు దాని ఫలితమే. మెరుపును వదులుకుని మన్నికను పొందడంలో అవి బిద్రీకి దూరపు చుట్టాలు.

బిద్రీకి 2006లో భౌగోళిక గుర్తింపు దక్కింది. బీదర్ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ వచ్చింది. కళాయి పనికి అటువంటి గౌరవమేదీ దక్కలేదు, సత్తు తరువాత స్టీలు రావడంతో అది ఊళ్లనుంచే దాదాపుగా తొలగిపోయింది. మనూరు, నారాయణఖేడ్ ప్రాంతపు ఉపాధ్యాయులు, విద్యార్థులు తిత్తి పట్టి కళాయి పోసిన పెద్దలు ఎక్కడ కనిపించినా వారి నోటి మాటను, పనిముట్ల పేర్లను వెంటనే రాసి భద్రపరచాలి.